ఒక్కటే మార్చాలె

మైదాపిండి జిగురులో మైలుతుత్తం కలిపితే ఒక వాసన వస్తుంది. కాస్త పులుపు, కాస్త తుప్పు, పోయి గొంతు వెనక కూర్చుంటుంది. పోయిన ఆదివారం హనుమకొండలో మా వంటింటి పొయ్యి మీద ఆ జిగురు ఉడుకుతుంటే మావారు ముక్కు మూసుకుని వచ్చి, "ఏందే ఇది, ఇంట్ల ఎలుకేమన్న సచ్చిందా?" అన్నారు. ఎలుక కాదు, పుస్తకానికి జిగురు అన్నాను. ఆయన నవ్వి కిటికీ తెరిచి వెళ్ళిపోయారు. నాకు యాభై దాటాయి. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. అలాంటి మనిషి, ఎన్నడూ జరగని చరిత్రను ఎవరో సీరియల్‌గా రాస్తే, దాన్ని ఫోన్లో చదివి, చాలక జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, దబ్బనంతో కుట్టి, పాత చర్చి క్యాలెండర్ అట్ట వేసి దాచుకుంటుందని తెలిస్తే మా స్టాఫ్ రూముకు వారం రోజుల నవ్వు. అందుకే ఆ పుస్తకాలు బీరువాలో పట్టుచీరల వెనక ఉంటాయి. సిగ్గు నాకు తొందరగా వస్తుంది, వచ్చింది తొందరగా పోదు. ఈ జిగురు వాసన తగిలితే మరీ పోదు. ఖిలా వరంగల్‌లో సుగుణమ్మ టీచర్ వాకిలి, ఆ వాకిట్లో నేను తలెత్తుకోలేకపోయిన రెండు ఆదివారాలు, ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి.

ముందు ఆ సీరియల్ సంగతి చెప్పాలి, లేకపోతే టీచర్ సంగతి అర్థం కాదు. దాని పేరు 'కూలని కోట'. ఓరుగల్లు కోట ఏమైందో ఇక్కడ పుట్టిన పిల్లలందరికీ తెలుసు. ముట్టడి జరిగింది, కోట కూలింది, రాజును బందీగా తీసుకుపోతుంటే దారిలోనే ఆయన ప్రాణం పోయింది. సీరియల్ రాసినాయన ఇందులో ఒకే ఒక్కటి మార్చాడు. ఆ ఏడు వాన కొంచెం ముందుగా పడింది. అంతే. బయట గుడారాల్లో ఉన్న సైన్యం తెచ్చుకున్న ధాన్యం తడిసి మొలకలొచ్చింది, సైన్యం వెనక్కి మళ్ళింది, కోట నిలబడింది. అక్కడి నుంచి కథ నడుస్తూనే ఉంది. ఆ రాజు మనవలు, వాళ్ళ మనవలు, ఓడలు, రేవులు, ఆ రాజ్యంలోకి మొదటి రైలు రావడం, అన్నీ అయ్యాయి. వారపత్రికలో మొదలైంది, పత్రిక మూతపడ్డాక పుస్తకాలుగా వచ్చింది, ఇప్పుడు ఫోన్లో వస్తోంది. రాసేది ఆ మొదటి ఆయనేనా, ఆయన పిల్లలా అన్నది నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. వరసగా పత్తి చేతికి రాకపోయేసరికి మా నాయన మమ్మల్ని తీసుకుని వరంగల్ వచ్చి, మార్కెట్లో పత్తి బస్తాలు కాంటా పెట్టే పనిలో కుదిరాడు. కోట లోపల, రాతి తోరణాలకు కూతవేటు దూరంలో, ఒక గది అద్దెకు దొరికింది. బయటివాళ్ళు టికెట్టు కొనుక్కుని చూసే చోట మేము బట్టలు ఆరేసుకునేవాళ్ళం. మాకు రెండిళ్ళ అవతల సుగుణమ్మ టీచర్ ఉండేవారు. ఊళ్ళో ఆడపిల్లల బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేవారు. పొడుగు మనిషి, గంజి పెట్టిన నూలు చీర, చేతి గడియారం మణికట్టుకు లోపలివైపు. ఆమె భర్త రత్నం సార్‌కు డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం. శనివారం సాయంత్రం బండికి వచ్చి సోమవారం తెల్లవారుజామున పోయేవారు. గోడ మీద ఒక పాప ఫోటో ఉండేది, తెల్ల గౌనులో, జుట్టుకు రిబ్బను కట్టుకుని. వాళ్ళ బిడ్డ సుధ. నేను ఆ వీధికి రాకముందే, బడిలో కూడా వేయకముందే పోయింది. బతికి ఉంటే నా ఈడుదే.

గురువారం పత్రిక వచ్చినా టీచర్ ఆదివారం దాకా విప్పేవారు కాదు. చర్చి నుంచి వచ్చాక, కూర పొయ్యి మీద పెట్టి, వాకిట్లో చాప వేసి పైకి చదివేవారు. వినేవాళ్ళం ముగ్గురం. రత్నం సార్, నేను, తోరణాల దగ్గర సీతాఫలాలు అమ్మే ఎల్లవ్వ. చదవడం అయ్యాక ఆ పేజీలు పత్రిక నుంచి జాగ్రత్తగా కోసి, పోయిన వారం వాటికి కుట్టి, వీపున జిగురు పూసి, పైన విసుర్రాయి పెట్టేవారు. జిగురు ఆరేదాకా పుస్తకం ఎవరూ ముట్టుకోకూడదు. ఆ ఆరే వ్యవధిలో నడిచేది అసలు ఆట. "ఇట్ల గాకపోతే ఏమైతుండె? ఎవరు చెప్తరు?" అని అడిగేవారు టీచర్. ఆ వారం కథలో ఏదో ఒకటి పట్టుకుని, అది మరోలా జరిగి ఉంటే ఏమయ్యేదో మాలో ఒకరు చెప్పాలి.

ఆటకు నియమాలు ఉండేవి. ఆమె వాటిని పద్యంలా అప్పజెప్పించేవారు. ఒక్కటే మార్చాలి. ఎంత చిన్నదైతే అంత మంచిది. మిగిలినదంతా దాని వెనక తనంతట తను నడవాలి. ఇంకొకటి, ఏదైనా ఒకటి నిలబెడితే మరేదో పోతుంది, అదేదో దాచకుండా చెప్పాలి. ఎల్లవ్వకు ఈ నియమాలంటే లెక్కే లేదు. ఒకసారి చచ్చిపోయిన సేనాపతిని లేపి, ఆయనకు రాజుగారి చెల్లెల్నిచ్చి పెళ్ళి చేసి, మధ్యలో వర్షం కూడా కురిపించింది. "ఎల్లవ్వా, మూడు మార్చినవ్" అన్నారు టీచర్. "మారిస్తె ఏంది టీచరమ్మా? మన చేతిల ఉన్నప్పుడు సుత సుకపడొద్దా?" అంది ఎల్లవ్వ. రత్నం సార్ పొట్ట పట్టుకుని నవ్వారు. టీచర్ కూడా నవ్వారు గానీ ఒప్పుకోలేదు. "సుఖపడుడు కాదు. ఒక్కటి మారిస్తే ఎంత మారుతదో తెలుసుకునుడు" అన్నారు.

ఆ పిచ్చి నాకు ఎంత ఎక్కిందంటే, ఏడో తరగతి పరీక్షలో ఓరుగల్లు పతనానికి కారణాలు రాయమంటే, వాన ముందుగా పడడం వల్ల కోట కూలలేదని రాసి వచ్చాను. టీచర్ సున్నా వేశారు. క్లాసులో లేపి, "ఆదివారం సంగతి సోమవారం ఎందుకు తెచ్చినవ్?" అని అడిగారు. పిల్లలంతా పగలబడి నవ్వారు. నేల చీలితే దూరిపోయేదాన్ని. సాయంత్రం నన్ను కూర్చోబెట్టుకుని అసలు జరిగిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. "జరిగింది ముందుగాల తెల్వాలె బిడ్డా. తెల్వకుంట మారిస్తే అది కత గాదు, అబద్ధం" అన్నారు. ఇప్పుడు మా కాలేజీ పిల్లల్ని కోటకు తీసుకెళ్ళినప్పుడల్లా జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఆ ఏడే మా నాయన నా చదువు ఆపేయాలనుకున్నాడు. పత్తి ఏరే రోజుల్లో ఊరికి కూలికి పోయే అమ్మకు తోడుగా నన్ను కూడా పంపితే రెండు చేతులు ఎక్కువవుతాయని లెక్క. టీచర్‌కు తెలిసి మా గదికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. "టీచరమ్మా, ఆడపిల్లకు ఏడు సాలదా?" అన్నాడు నాయన. "నీకు కాంటా మీద కిలో తక్కువొస్తే సాలుతదా? పిల్లకు గూడ సాలదు" అన్నారు. నాయన తల గోక్కున్నాడు. "పొద్దుగాల నా ఇంటికి పంపు. తిండి ఆడ్నే. నాతోనే బడికి తోల్కపోత" అని వెళ్ళిపోయారు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే టీచర్ ఇంటి గడప దగ్గర చెప్పులు విప్పేదాన్ని. ఉప్మా, ఉడకబెట్టిన గుడ్డు పెట్టేవారు. ఇద్దరం కలిసి బడికి నడిచేవాళ్ళం. ఇంటర్ కాలేజీలో చేరాక కూడా పొద్దుటి తిండి అక్కడే సాగింది. నా చదువు, ఉద్యోగం, నేను మాట్లాడే తీరు, ఆఖరికి చేతి గడియారం లోపలివైపు పెట్టుకునే అలవాటు, అన్నీ ఆ గడప దగ్గర మొదలైనవే.

ఒక్కటే అర్థమయ్యేది కాదు. కొన్ని పొద్దుటి పూటలు టీచర్ నా వైపు చూసేవారు కాదు. మాట్లాడితే ముక్తసరిగా. కళ్ళు గోడ మీదో గిన్నె మీదో ఉంచి పళ్ళెం నా ముందు పెట్టేవారు. ఆ పూట పళ్ళెంలో రెండు గుడ్లు ఉండేవి. కోపమొస్తే తిండి తగ్గిస్తారు గానీ పెంచుతారా అని నేను బుర్ర బద్దలు కొట్టుకునేదాన్ని. ఏం తప్పు చేశానో వెతుక్కుంటూ బడిదాకా నడిచేదాన్ని. మర్నాటికి మామూలుగానే ఉండేవారు.

సుధ సంగతి నాకు ఎల్లవ్వ చెప్పింది, సీతాఫలాలు గంపకెత్తుతూ, ముక్కలు ముక్కలుగా. టీచర్‌కు డోర్నకల్ బదిలీ అయిందట. ముగ్గురూ ఒక చోట ఉండొచ్చని సామాను కూడా సర్దుకున్నారట. అప్పుడు పాపకు జ్వరం వచ్చింది. ఆ పొద్దున టీచర్‌కు బడిలో పరీక్ష డ్యూటీ. మామూలు జ్వరమే, సాయంత్రం దవాఖానకు పోదామని, పాపను ఎల్లవ్వకు అప్పజెప్పి వెళ్ళారు. సాయంత్రం వచ్చేసరికి పిల్ల పలకలేదు. దవాఖానకు ఎత్తుకుపోయారు గానీ దక్కలేదు. "బదిలి కాయితం మల్ల వాపసిచ్చింది టీచరమ్మ. పిల్లను ఈడ పండబెట్టి నేను ఆడికెట్ల పోత అన్నది" అని చెప్పింది ఎల్లవ్వ. చెప్పి గంప నెత్తికెత్తుకుంది.

నేను అప్పుడు ఇంటర్ మొదటి ఏడు. ఆ వారం కథలో, పాముకాటు తిన్న చిన్న యువరాణి బతుకుతుంది. వైద్యుడు దారి తప్పకుండా వేళకు చేరుకున్నాడు, అంతే. టీచర్ చాలా బాగా చదివారు. పేజీలు కుట్టారు, జిగురు పూశారు, విసుర్రాయి పెట్టారు. "ఇట్ల గాకపోతే ఏమైతుండె? ఎవరు చెప్తరు?" అన్నారు. ఈమెకు నేను ఏమీ ఇవ్వలేదు, ఇవ్వగలిగినదాన్ని ఇప్పుడిస్తాను అనుకున్నాను. ఆ అనుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

"నేను చెప్త టీచర్. కోట గురించి కాదు, సుధ గురించి" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. అది నాకు అనుమతిలా అనిపించింది. నేర్పిన పిల్లను కదా, నియమం తప్పలేదు. ఒక్కటే మార్చాను, అతి చిన్నది ఏరి మరీ పట్టుకున్నాను. "ఆ రోజు మీరు బడికి పోలేదు" అని మొదలుపెట్టాను. టీచర్ చెయ్యి విసుర్రాయి మీద ఆగిపోయింది. శ్రద్ధగా వింటున్నారనుకున్నాను. "మీరు పొద్దుగాలనే దవాఖానకు తీస్కపోయిన్రు. డాక్టర్ సూది ఇచ్చిండు. సుధ బతికింది" అన్నాను. ఇంకా వివరాలు వేశాను. డోర్నకల్ రైల్వే క్వార్టర్ ముందు మల్లెచెట్టు పెట్టాను. సుధకు రెండు జడలు వేశాను. రత్నం సార్ లేచి, చెంబు తీసుకుని, పెరట్లోకి వెళ్ళిపోయారు. దప్పికైంది కాబోలు అనుకున్నాను. అంత మొద్దుదాన్ని. ఎల్లవ్వ నా తొడ మీద గట్టిగా గిల్లి, "ఊకో పిల్లా" అంటే తప్ప నోరు ఆగలేదు.

అప్పుడు చూశాను టీచర్ ముఖం. నేను మార్చిన ఆ చిన్న విషయం ఏమిటో అప్పుడు తెలిసింది. లోకంలో ఉన్న కారణాలన్నీ వదిలేసి, ఒక తల్లి ఎన్నేళ్ళుగానో ఎవరికీ చెప్పకుండా మోస్తున్న దాన్ని, నువ్వు బడికి పోకపోతే నీ బిడ్డ బతికేది అన్న మాటను, ఆమె వాకిట్లో, ఆమె చాప మీద కూర్చుని, ఆమె భర్త ముందు, ఆటలా చెప్పాను. ఆ రోజు పిల్లను కనిపెట్టుకుని ఉన్న ఎల్లవ్వ కూడా పక్కనే ఉందని ఆ తర్వాత తోచింది. "ఇయ్యాల్టికి సాలు" అన్నారు టీచర్, చాలా మెల్లగా. జిగురు ఆరకముందే విసుర్రాయి తీసి పుస్తకం లోపల పెట్టేశారు. నాకు తల తీసేసినట్టయింది.

మర్నాటి నుంచి ఆ ఇంటికి పోవడానికి ముఖం చెల్లలేదు. గడపలో చెప్పులు విప్పే ధైర్యం లేక, వెనక సందులోంచి ఖాళీ కడుపుతో కాలేజీకి పోయేదాన్ని. అలా కొన్ని రోజులు గడిచాక ఒక పొద్దున టీచర్ మా గది ముందుకొచ్చి నిలబడ్డారు. "ఉప్మ సల్లారిపోతాంది" అన్నారు. అంతే. కోప్పడితే ఏడ్చేదాన్ని, ఏడిస్తే కొంత తేలికపడేదాన్ని. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. జిగురు ఆరేటప్పుడు "ఎవరు చెప్తరు?" అని ఎల్లవ్వ వైపో సార్ వైపో చూసేవారు. నా వైపు చూడలేదు. నేనూ చెయ్యెత్తలేదు. అది శిక్షో, దయో నాకు తేలలేదు.

ఆ తర్వాత ఏళ్ళు మామూలుగానే నడిచాయి. నాకు ఉద్యోగమొచ్చింది, పెళ్ళయి హనుమకొండకు మారాను. ఎల్లవ్వ పోయింది, తర్వాత రత్నం సార్ పోయారు. టీచర్ రిటైరై ఆ ఇంట్లోనే ఉండిపోయారు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం నేను మానలేదు. ఆమెకు చూపు మందగించాక చదివే పని నాదైంది. కథ ఫోన్లోకి వచ్చేసింది కదా, టీచర్‌కు అది నచ్చేది కాదు. "దీనికి వీపు ఏది? జిగురు ఏడ పుయ్యాలె?" అనేవారు. అందుకే ప్రింటు తీయించడం మొదలుపెట్టాను. కుట్టేది నేను, జిగురు పూసేది ఆమె. చూపు ఆనకపోయినా వేళ్ళతో తడుముకుంటూ అంచు దాటకుండా పూసేవారు.

అలాంటి ఒక ఆదివారం. బయట ముసురు. విసుర్రాయి పెట్టాక టీచర్ కుర్చీలో వెనక్కి వాలి, "సుధ కత ఆడ్నే ఆపినవ్. జర చెప్పు" అన్నారు.

చేతిలో జిగురు గిన్నె ఉంది నాకు. అది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆ ఆదివారాన్ని ఆమె మరిచిపోయారని కాదు గానీ, దాని మీద మన్ను కప్పేశారని నన్ను నేను నమ్మించుకున్నాను. "వద్దు టీచర్" అన్నాను. "నేనే అడుగుతాన్న గదా" అన్నారు. తప్పించుకునే దారి లేదు. చెప్పాను. ఈసారి జాగ్రత్తగా చెప్పాను. టీచర్ బడికి పోయిన సంగతి ముట్టుకోలేదు. జ్వరమే దానంతటది మధ్యాహ్నానికి దిగిపోయింది. టీచర్ సాయంత్రం వచ్చేసరికి పాప లేచి ఎల్లవ్వ దగ్గర సీతాఫలం తింటోంది. బదిలీ ఏదో కారణం మీద ఆగిపోయింది. మేము నర్సంపేట నుంచి వచ్చాం. సుధా నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. పొద్దున్నే టీచర్ ఇద్దరికీ ఉప్మా పెట్టి, ఇద్దరినీ చెరో వేలు పట్టించుకుని నడిపించారు. సుధ డాక్టరైంది, నేను లెక్చరర్నయ్యాను. చెబుతూ చెబుతూ నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంత బాగా అమరిందో అనుకున్నాను.

టీచర్ కళ్ళు మూసుకునే విన్నారు. అయిపోయాక, "ఎన్ని మార్చినవ్?" అని అడిగారు.

జిగురు గిన్నె అప్పుడు కింద పెట్టాను.

"జ్వరం దించినవ్. ఒకటి. నేను బడికి పోయిన ముచ్చట ముట్టద్దని దించినవ్. అది నాకోసం. సరే. బదిలి ఎందుకు ఆపినవ్? అది ఎవరికోసం?"

నాకు జవాబు తెలుసు. ఆమెకూ తెలుసు. డోర్నకల్ పోతే ఆ వాకిట్లో చాప లేదు. మా నాయన గుమ్మంలో నిలబడి కిలో లెక్క చెప్పే మనిషి లేదు. నేను ఏడో తరగతితో ఆగిపోయి పత్తి చేలో ఉంటాను. సుధ పోయింది కనుకనే టీచర్ ఆ వీధిలో మిగిలారు. ఆమె మిగిలారు కనుకనే నేను ఇలా ఉన్నాను. చరిత్ర పాఠం చెప్పుకుని బతికేదాన్ని, ఇంత తేటగా ఉన్న కారణాన్ని అన్నేళ్ళు చూడకుండా తిరిగాను. చూసిన రోజున, ఒట్టి కథలో కూడా, ఆ పాపకు నా చోటు ఇవ్వలేకపోయాను. ఎక్కడో లోపల ఒక పిసినారి కూర్చుని, సుధ బతకాలి గానీ నాదేమీ పోకూడదు అని బదిలీ కాయితం చించేసింది. "రెండు పెట్టుకుందామనుకున్నవ్" అన్నారు టీచర్. ఆ మాటలో కోపం లేదు. ఎల్లవ్వతో మూడు మార్చావని అన్నప్పటి గొంతే.

"తప్పయింది టీచర్" అన్నాను. ఇంటర్ నాటి ఆ ఆదివారానికి కూడా కలిపే అన్నాను.

"నువ్వు అప్పుడు సరిగ్గనే చెప్పినవ్ బిడ్డా. ఒక్కటే మార్చినవ్. నేను నేర్పినట్టే" అన్నారు. తర్వాత చాలా మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెబుతున్నట్టు చెప్పారు. "నేను సుత చెప్పుకుంట. అప్పటికెల్లి చెప్పుకుంటనే ఉన్న. బడికి పోలే. పొద్దుగాలనే దవాఖానకు పోయినం. సుధ లేచింది. సామాను తీస్కోని రైలెక్కినం. నెక్కొండ, మానుకోట, గార్ల. సుధ కిటికి కాడ కూసుంటది. డోర్నకల్‌ల దిగుతం, సార్ వచ్చి ఉంటడు. ఆ కతల నువ్వు లేవు. ఒక్కసారి గూడ వెనకకు తిరిగి చూడలే నేను. నువ్వు ఏ చేన్ల ఉన్నవో, తిన్నవో లేదో, నాకు తెల్వది, తెల్సుకోవాల్నని గూడ అనిపించలే. తెల్లారంగ నువ్వొచ్చి గడప కాడ చెప్పులిప్పుతవ్. నీ మొకం చూడాల్నంటే సిగ్గయ్యేది."

నేను ఆమె మోకాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. టీచర్ తడుముకుంటూ నా తల మీద చెయ్యి వేశారు. వేళ్ళకు జిగురు ఉందని అప్పుడు గుర్తొచ్చి తీసేశారు.

"గందుకే ఇంకొక గుడ్డు ఏసేదాన్ని" అన్నారు. అని నవ్వారు.

ఆ తర్వాత కూడా కొన్ని ఆదివారాలు మిగిలాయి మాకు. సుధ గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు. టీచర్ పోయాక ఆమెను సుధ పక్కనే పెట్టాం, సార్‌కు ఇవతల. ఇల్లు వేరేవాళ్ళు కొన్నారు, వాకిట్లో ఇప్పుడు వాళ్ళ మోటారు సైకిలు ఉంటుంది. విసుర్రాయి మాత్రం నేను అడిగి తెచ్చుకున్నాను. మా ఫ్లాట్లో దానికి వేరే పని లేదు. పుస్తకాల మీద పెట్టడానికే.

పోయిన ఆదివారం కూడా పెట్టాను. జిగురు ఆరేదాకా చేసే పని ఉండదు కదా, చాప మీద కూర్చుని ఆ కథ చెప్పుకుంటాను. ఇప్పుడు నియమం తప్పను. ఒక్కటే మారుస్తాను. టీచర్ ఆ రోజు బడికి పోరు. పొద్దున్నే దవాఖానకు పోతారు, సుధ బతుకుతుంది, బదిలీ ఆగదు, వరంగల్ స్టేషన్‌లో సామాను ఎక్కిస్తారు. పోయేది ఏదో దాచకుండా చెప్పాలి కనుక చెబుతాను: నేను పోతాను. నర్సంపేట అవతల ఏదో చేలో నడుముకు గోనెగుడ్డ కట్టుకుని పత్తి ఏరుతుంటాను. ఓరుగల్లు కోట కూలిందో నిలిచిందో నాకు తెలియదు. సుగుణమ్మ అనే టీచర్ ఒకరున్నారని కూడా తెలియదు.

ఇంతవరకూ సరిగ్గానే వస్తుంది. ఇక్కడే తప్పు చేస్తాను. ఆ చేలో ఉన్నదానికి ఆ పూట స్టేషన్‌లో ఉండే వీలు లేదు, నాకు తెలుసు. అయినా ప్రతిసారీ ప్లాట్‌ఫారం చివర, జనంలో, వచ్చి నిలబడతాను. కిటికీ దగ్గర తెల్ల గౌను, రిబ్బను కనిపిస్తాయి. టీచర్ ఇటు చూడరు, చూసినా నేనెవరో తెలియదు. ఇది రెండోది మార్చడమే, ఆమె ఉంటే ఒప్పుకోరు. సిగ్గుగానే ఉంటుంది. బండి కదిలి, ఆఖరి పెట్టె దాటిపోయేదాకా చెయ్యి ఊపుతూనే ఉంటాను. తర్వాత లేచి, విసుర్రాయి తీసి, జిగురు ఆరిందో లేదో వేలితో చూస్తాను.